కాల్చిన సీతాఫలం, వేడి జున్ను

మొన్న మా పెద్దనాన్న కొడుకు యాదగిరి అన్న కొత్త ఇంట్లో దావత్ ఇచ్చాడు. కూర్చోగానే తలా ఒక గాజు ప్లేటు చేతికిచ్చారు. పొగలు కక్కుతున్న జున్ను ముక్కలు, వాటి మీద నిప్పుల్లో కాల్చిన సీతాఫలం గుజ్జు. ఆ పొగ వాసన తగిలితే ఎవరికైనా నోరూరాలి, నాకు మాత్రం ఒళ్లు మండింది. "బర్రె మన తోటదే, కాయలు మన తోటయే. ఇది మా అమ్మ స్పెషల్, తినున్రి," అని అన్న అందరికీ వినబడేలా చెప్పుకుంటున్నాడు. అది వాళ్లమ్మది కాదు, మా నాయనమ్మది. ఆమె నోటికి అది అందకుండా చేసిన మా పెద్దమ్మ ఎదురుగా సోఫాలో చల్లగా కూర్చుని ఉంది.

లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు గల్లీ చివర ఉండేది మా ఇల్లు. బోనాల సందడి అయిపోయి, వానలు వెనకబట్టి, బతుకమ్మ పూల కోసం గుడిమల్కాపూర్‌కు పరుగులు పెట్టే రోజులకు వాకిట్లో సీతాఫలం చెట్టు కాయలతో వంగిపోయేది, కొట్టంలో బర్రె కూడా ఆ రోజుల్లోనే ఈనేది. నాయనమ్మ ముర్రుపాలలో బెల్లం, మిరియాల పొడి, యాలకులు కలిపి ఇత్తడి గిన్నెలో ఆవిరి మీద పెట్టి, ఆ పక్కనే కళ్లు విచ్చిన కాయలను పిడకల నిప్పుల్లో కప్పెట్టేది. తొక్క నల్లగా మాడి పగిలాక వేళ్లు ఊదుకుంటూ వలిచి, గుజ్జును వేడి జున్ను మీద వేసి మా చేతుల్లో పెట్టేది. మేం ఉమ్మేసిన నల్ల గింజలను కడిగి ఆరబెట్టుకుని, అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసి పొద్దుపోయేదాకా ఆడేవాళ్లం. ఓడిపోతే గింజలన్నీ గుప్పిట్లో పెట్టుకుని పారిపోయేవాడు యాదగిరి అన్న. ఆ బుద్ధి ఇప్పటికీ పోలేదు.

అందరూ తిన్నాక నాయనమ్మ గిన్నె అంచులకు అంటిన జున్నును గీక్కుని, ఆఖరి కాయను తన కోసం వలుచుకునేది. ఏడాది మొత్తంలో ఆమె తనకంటూ కోరుకున్నది అదొక్కటే.

తర్వాత పెద్దమ్మకూ అమ్మకూ చెడింది. నల్లా నీళ్ల దగ్గర మొదలైన లొల్లి వాకిలి మధ్య గోడ లేచేదాకా పోయింది. బర్రె వాళ్ల వాటాకు వెళ్లింది, చెట్టు మా వాటాకు వచ్చింది, నాయనమ్మ కొన్నాళ్లు అటూ కొన్నాళ్లు ఇటూ అయింది. ఆ ఏడు ఆమె అటువైపు ఉండగా బర్రె ఈనింది. జున్ను వాసన గోడ దాటి వచ్చింది, దాని వెనకే ఆమె గొంతు.

"చిన్నకోడలా, రెండు కాయలు కాల్చి పంపు బిడ్డా, జున్ను సల్లారిపోతది."

అమ్మ మొహం చిట్లించుకుంది గానీ కాల్చింది. మంచివి ఏరి, బూడిద దులిపి, పళ్లెంలో పెట్టి నాతో పంపింది. గడపలోనే పెద్దమ్మ అడ్డం నిలబడింది. "ఏందే ఇది? ముసలామెకు మేం తిండి పెడ్తలేమా? పక్కింట్ల అడుక్కొని తినాల్నా?" అంటూ పళ్లెం లాక్కుని కాయలను మురుగు మోరీలో పారేసింది. లోపల మంచం మీద జున్ను గిన్నె ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తున్న నాయనమ్మ ఇదంతా చూసింది. ఆ గిన్నెను ముట్టకుండా కింద పెట్టేసింది.

నేను ఏడుస్తూ వచ్చి అమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆమె కట్టెల అడితి నుంచి మనిషిని పిలిపించి, కాయలతో ఉన్న చెట్టును మొదలంటా కొట్టించింది. "దీని ఆకు గూడ వాళ్ల వాకిట్ల పడొద్దు," అంది. గోడ అవతల నుంచి నాయనమ్మ "వద్దే, వద్దే" అని అరుస్తూనే ఉంది. నేను కొంగు పట్టుకుని లాగితే అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. పచ్చికాయలు వాకిలంతా దొర్లాయి. మళ్లీ సీతాఫలాల కాలం రాకముందే నాయనమ్మ పోయింది. పెద్దమ్మను నేను క్షమించలేదు. అమ్మ పోయి ఇన్నేళ్లయినా ఆమెనూ క్షమించలేకపోయాను.

మొన్నటి దావత్‌లో పెద్దమ్మ నన్ను పక్కకు పిలిపించుకుంది. జున్ను చప్పరిస్తూ, "తిన్నవా బిడ్డా? మీ నాయనమ్మ చేసినట్టే ఉన్నది గద," అంది.

"మరి నాయనమ్మను ఎందుకు తిననియ్యలే పెద్దమ్మా?"

ఆమె చెంచా ఆగలేదు. "చెట్టు కొట్టిచ్చింది మీ అమ్మ. నన్నెందుకడుగుతవు?"

మా రెండు వాటాలూ ఇప్పుడు పత్తర్‌గట్టి బట్టల వ్యాపారి ఒకరి గోదాం. కొట్టం పోయింది, అరుగు పోయింది. మధ్య గోడను మాత్రం ఉంచుకుని దానికి అరలు కొట్టించాడు. అన్న ఇంట్లో పిల్లలు తింటున్న గుజ్జులో గింజ ఒక్కటి కూడా లేదు, వంటవాళ్లు ముందే ఏరి పారేశారట. "చెల్లె, ఇంకో ముక్క ఎయ్యాల్నా?" అంటూ అన్న గరిటెతో వచ్చాడు. నాయనమ్మ ఆ రోజు పెట్టినట్టే, నా ప్లేటు ముట్టకుండా కింద పెట్టి లేచి వచ్చేశాను.