పదకొండు బై ఆరు

మా మామయ్యకు వీధుల పేర్లు పట్టవు. ఎవరి ఇల్లెక్కడ అని అడిగితే రైలు పట్టాల పక్కనున్న స్తంభం నంబరు చెప్తారు. పళ్ల డాక్టరు తొమ్మిది బై మూడు. దర్జీ పన్నెండు బై ఏడు. మా పుట్టిల్లు పద్నాలుగు బై ఒకటి. కొడుకు పెళ్లి మాటలకని మా ఇంటికి వచ్చిన రోజు మా నాన్న ఎంతో మర్యాదగా, "ఇల్లు కనుక్కోవడం కష్టమైందా బావగారూ?" అని అడిగాడు. "కష్టమెందుకు? పద్నాలుగు బై ఒకటి దగ్గర కట్ట దిగితే మూడో ఇల్లేగా. అన్నట్టు, మీ వెనక పట్టాల కింద ఒక స్లీపరు దిమ్మె పగిలింది, చూశారా?" అన్నారీయన. ఆ రోజు ఆయన నన్ను చూశారో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. స్లీపరును మాత్రం శుభ్రంగా చూశారు.

ఆయన ముప్ఫై నాలుగేళ్లు ఈ లైను మీద కీమ్యాన్‌గా పనిచేశారు. అంటే భుజాన సుత్తి వేసుకుని రోజూ తొమ్మిది కిలోమీటర్లు పట్టాల వెంట నడవాలి. పట్టాలను పట్టుకుని ఉండే కీలు వదులైతే కొట్టి బిగించాలి. కిలోమీటరుకు పది స్తంభాలు. పదకొండు బై ఆరు అంటే ఊళ్లోని మొదటి స్టేషను నుంచి పదకొండు కిలోమీటర్లు దాటాక ఆరో స్తంభం. ఎక్కడ ఏ లోపం కనపడినా ఆ నంబరుతోనే పైవాళ్లకు చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ ఆయనకు లోకమంతా నంబర్లయిపోయింది.

నేనూ అదే లైను అన్నం తింటున్నాను. మా ఇంటి దగ్గరి స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చుంటాను. రోజుకు వెయ్యి మందితో వాదించే ఉద్యోగం కాబట్టి నా నోరు కాస్త పెద్దదే, ఒప్పుకుంటాను.

అసలు ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు, ఇటుకల కోసం. బట్టీల కంపెనీ వాళ్లు ఒంటి లైను వేసుకుని పొగబండి మీద ఇటుకలు ఊళ్లోకి మోసేవారట. ఖాళీ బండి వెనక్కి వస్తుంటే జనం ఎక్కి కూర్చునేవారు. దింపేస్తే అవతలి పక్కనుంచి ఎక్కేవారు. కంపెనీ వాడికి విసుగొచ్చి చివరికి రెండు పెట్టెలు తగిలించి టికెట్టు పెట్టాడని మామయ్య నవ్వుతూ చెప్తారు. తర్వాత రైల్వే దాన్ని కొనుక్కుంది. రెండో లైను పడింది, కరెంటు తీగలొచ్చాయి. ఇప్పుడు పది నిమిషాలకో బండి. అయినా పొద్దున ఎనిమిది గంటల బండిలో మనం ఊపిరి పీల్చాలంటే పక్కవాడు వదలాల్సిందే.

ఆ బట్టీల వాళ్లే కట్ట కింద ఒక ఇటుక తూము కట్టారు. మా వీధితో కలిపి ఆరు వీధుల వాన నీళ్లు కట్ట వెంబడి పిల్లకాలువలో పారి, పదకొండు బై ఆరు దగ్గర ఆ తూములో దూరి, అవతలి వాగులో పడాలి. రైల్వే లైను కొన్నప్పుడు రాసుకున్న జాబితాలో ఎందుకో ఆ తూము ఎక్కలేదు. జాబితాలో లేని తూమును బాగుచేయమని ఆర్డరెవరిస్తారు? మామయ్యే ఏటా వానలకు ముందు ఒక సెలవు రోజున పార పట్టుకెళ్లి ఒక్కరే దాని నోట్లో మట్టి తీసి వచ్చేవారు. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయింది. మోకాళ్లు మొరాయించాయి, కళ్లలో శుక్లాలు కమ్మాయి. ఇంకెవరూ అటు తొంగి చూడలేదు. తూము పూడిపోయి దాని మీద పొదలు పెరిగాయి. పోయిన వానలకు మా ఇంట్లోకి నీళ్లొచ్చి అత్తయ్య మంచమెక్కి కూర్చుంది. నా కొత్త చెప్పులు వీధి చివర తేలాయి, అందులోనూ దొరికింది ఒకటే!

ఈ ఏడాది మూడో లైను పని మొదలైంది. కట్టను వెడల్పు చేయడానికి సోమవారం నుంచి లారీలతో మట్టి పోస్తారని తెలిసింది. ఆ మట్టి పడితే తూము ఇక భూమిలోనే సమాధి. ఆరు వీధుల నీళ్లకూ దారి ఉండదు. మామయ్యకేమో అంతకు ముందు వారమే కంటి ఆపరేషనైంది. దుమ్ములోకి వెళ్లొద్దని, వంగొద్దని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. అందుకని నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ ఇంజనీరుకు చెప్పిరా. పదకొండు బై ఆరు. ఎడమ పక్క. మోకాలి లోతు తవ్వితే ఇటుక తగులుతుంది" అన్నారు.

ఇంజనీరు కుర్రవాడు, మంచివాడు. "డ్రాయింగులో ఏమీ లేదు మేడమ్. అయినా పెద్దాయన చెప్తున్నారు కదా, చూద్దాం" అని బుధవారం పొక్లెయినర్ పెట్టి తవ్వించాడు. మోకాలి లోతు కాదు, నిలువు లోతు తవ్వారు. అటు ఇరవై అడుగులు, ఇటు ఇరవై అడుగులు. బంకమట్టి తప్ప ఇటుక ముక్క కూడా లేదు. పొక్లెయినర్ నడిపేవాడు మాత్రం, "నిధి కూడా ఉందని చెప్పారా అక్కా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఉంటే నీకే ఇస్తాలే, ముందు తవ్వు!" అన్నాను.

సంగతి విన్న మామయ్య కూర్చున్న చోటు నుంచి లేచారు. అత్తయ్య అడ్డం పడినా వినలేదు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గురువారం పొద్దున నాతో ఆటోలో వచ్చారు. ఆపరేషనైన కంటితో స్తంభం మీది నంబరును ఆయనే గట్టిగా చదివారు. "పదకొండు బై ఆరు." తర్వాత కట్ట వైపు చూశారు. తుమ్మ చెట్లు లేవు, పాత గేటు గది లేదు, పొదలన్నీ కొట్టేసి అరచేయిలా చదును చేశారు.

"ఇదేనా పెద్దాయనా?" అన్నాడు ఇంజనీరు.

"నంబరు ఇదే. కానీ నేల..." అని ఆగిపోయారు. "నేల నాకు తెలియడం లేదు బాబూ."

పనివాళ్లలో ఎవడో, "వయసైపోయింది పాపం" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అయినా మామయ్యకు వినపడింది. ఆటోలో తిరిగి వస్తూ, ఏదో ఒకటి మాట్లాడించాలని, "మామయ్యా, మన పాలకేంద్రం ఎన్ని బై ఎంత?" అని అడిగాను. చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేసుకున్నారు.

ఆ రోజు నుంచి ఆయన మనిషి మనిషిలా లేరు. అన్నం పెడితే తిన్నారు, లేకపోతే లేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆయన గది ముందు నుంచి వెళ్తుంటే లోపల గొణుగుడు వినపడింది. "తొమ్మిది బై రెండు, వంకర పట్టా. తొమ్మిది బై ఐదు, బావి. పది బై ఒకటి, పాత సిగ్నలు..." పరీక్షకు వెళ్లే పిల్లాడు పాఠం అప్పజెప్పుకున్నట్టు లైనును మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తున్నారు. పదకొండు బై ఆరు దగ్గరికి వచ్చి ఆగుతున్నారు. మళ్లీ మొదటి నుంచి. తూము సంగతి దేవుడెరుగు, ఈ మనిషి ఏమైపోతారోనని నాకు భయం పట్టుకుంది. అత్తయ్య ఏమీ అనడం లేదు. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టొద్దని మాత్రం ఆయనకు చెప్పింది.

శనివారం నేను డ్యూటీలో ఉన్నాను. పొద్దున్నే నా ప్రాణానికి పాయింట్ల మాస్టారు దిగారు. ఆయన ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు; ఏ దూరమైనా పాయింటు తర్వాతి అంకెతో సహా చెప్తారని నేను పెట్టిన పేరది. వారానికి రెండుసార్లు ఊళ్లోకి వెళ్తారు, రెండుసార్లూ నాతో గొడవ పెట్టుకుంటారు. మా దగ్గరి నుంచి మొదటి స్టేషనుకు పదమూడు కిలోమీటర్లని నా బల్ల అద్దం కింద పాత దూరాల పట్టీలో ఉంది. పదమూడు నుంచి టికెట్టు ధర పెరుగుతుంది. ఆయన పన్నెండు పాయింట్ ఎనిమిదే అంటారు. ఇన్నాళ్లూ నేను వినిపించుకోలేదు.

"మాస్టారూ, వెనక ముప్ఫై మంది ఉన్నారు. రెండు వందల మీటర్ల కోసం నా ప్రాణం తీయకండి" అన్నాను.

"ఎందుకు తీయకూడదు? ఊళ్లో పాత స్టేషను మూసేసి, లైను కత్తిరించి, బస్టాండు పక్కకు తెచ్చారా లేదా? ఆ రెండు వందల మీటర్లు ఇప్పుడు నడిచేది నేను. టికెట్టేమో పాత టికెట్టు! మీవాళ్లే స్తంభాల మీద నంబర్లన్నీ మార్చి రాశారు. ఇదే ప్లాట్‌ఫారం చివర పదమూడు బై సున్నా ఉండేది, ఇప్పుడు పన్నెండు బై ఎనిమిది. తల బయటపెట్టి చూడు."

నేను తల బయటపెట్టి చూశాను. రోజూ ఆ స్తంభం పక్కనుంచే నడుస్తాను. ఒక్కరోజైనా తలెత్తి చూసి ఉంటే ఒట్టు. పన్నెండు బై ఎనిమిది.

"నంబర్లన్నీ మార్చారా? అన్నీనా?"

"మొదలు జరిగితే అన్నీ జరగవూ? నీకు లెక్కలు చెప్పిందెవరు?"

"మాస్టారూ, మీకు పుణ్యముంటుంది!" అని కేకేసి, పక్క కిటికీ అమ్మాయిని నా సీట్లోకి తోసి, ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తాను. ఆయన వెనకనుంచి, "మరి నా టికెట్టు సంగతి?" అని అరుస్తూనే ఉన్నారు.

ఇంజనీరుకు ఫోను చేసి సంగతి చెప్పాను. "నేను ఇక్కడికొచ్చి రెండేళ్లే మేడమ్. ఉండండి, కనుక్కుంటాను" అని పెట్టేశాడు. పది నిమిషాలకు ఫోను మోగింది. కరెంటు స్తంభాలు మార్చినప్పుడు, అంటే నాలుగేళ్ల కింద, నంబర్లన్నీ కొత్త స్టేషను నుంచి లెక్కపెట్టి రాశారట. మామయ్య అప్పటికే రిటైరయ్యారు. బండెక్కినా, శుక్లాల కళ్లతో స్తంభమే మసకగా కనపడేది, ఇక నంబరెక్కడ చదువుతారు! ఆయన చెప్పింది పాత పదకొండు బై ఆరు. అది ఇప్పుడు పదకొండు బై నాలుగు.

ఇంటికి వెళ్లి చెప్తే మామయ్య ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఆయన కదల్లేదు. "తవ్వనీ, చూద్దాం" అన్నారంతే. ఆశ పెట్టుకోవడానికి కూడా భయపడుతున్నారని అప్పుడర్థమైంది.

ఆదివారం పొద్దున పదకొండు బై నాలుగు దగ్గర ఆటో దిగారో లేదో, ఆయన నడక మారింది. నంబరు వైపు చూడనే లేదు. కట్ట వాలును చూశారు, అవతల వాగు వంపును చూశారు, ఎడమ పక్కకు ఏడడుగులు వేసి, చెప్పుతో నేల మీద గీత గీశారు. "ఇక్కడ."

పొక్లెయినర్ రెండుసార్లు మట్టి తీసింది. మూడోసారి దించబోతుంటే మామయ్య చెయ్యెత్తి, "ఆపవయ్యా ఆపు! ఇటుక పగిలిపోతుంది. పారతో తియ్యాలి" అని అరిచారు. ఆయన వంగకూడదు. ఇంజనీరే చొక్కా చేతులు మడుచుకుని గోతిలోకి దిగాడు. కాసేపటికి పారకు ఠంగుమని తగిలింది. మట్టి తోసేకొద్దీ ఎర్రటి ఇటుకల కమాను బయటపడింది. ఇన్నేళ్లయినా ఒక్క ఇటుక కూడా జారలేదు. గంటసేపు నలుగురు కలిసి తూము నోరు శుభ్రం చేశారు. పిల్లకాలువలో ఎన్నాళ్లనుంచో పాచిపట్టి నిలిచిన నీళ్లు కదిలి, బుడబుడమంటూ తూములోకి పోయాయి. నేను చప్పట్లు కొట్టాను. సిగ్గులేకుండా ఈల కూడా వేశాను. వయసైపోయిందన్న పెద్దమనిషి ఎవడా అని చుట్టూ చూశాను. దొరకలేదు, బతికిపోయాడు.

"సార్," అన్నాడు ఇంజనీరు. అంతకు ముందు దాకా పెద్దాయనా అన్నవాడు. "దీన్ని డ్రాయింగులో ఎక్కిస్తాను. మూడో లైను కిందికి కూడా తూమును పొడిగిస్తాం. అప్పటిదాకా ఇక్కడ మట్టి పడదు."

"ఏటా వానలకు ముందు శుభ్రం చేయించాలని కూడా రాయి బాబూ. రాస్తేనే చేస్తారు" అన్నారు మామయ్య.

మధ్యాహ్నం ఇంటికొచ్చి మూడు రోజుల అన్నం ఒక్కపూటలో తిన్నారు. అత్తయ్య వడ్డిస్తూనే ఉంది. మా ఆయన జరిగిందంతా నాచేత రెండోసారి చెప్పించుకుని, "మరి అంత దిగులు పడ్డారెందుకు నాన్నా? పోతే ఒక తూము" అన్నాడు.

"తూము కోసం కాదురా. ఆ లైను నా కళ్లలో కంటే నా తలలో ఎక్కువుంది. అందులో ఒక చోటు చెరిగిపోయిందంటే, ఇక మిగతావి ఎన్నాళ్లుంటాయి అనిపించింది. రేపు మీ మొహాలు కూడా..." అన్నారు మామయ్య.

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "ఆ మాట నాతో చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు భయపడతావని ఊరుకున్నాను."

"బాగుంది! నేను మూడు రోజులుగా భయపడుతూనే ఉన్నాను. పైకి చెప్తే మీరు భయపడతారని నోరు మూసుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. ఆయన ఇంకాస్త అన్నం పెట్టమన్నారు. నేను మాత్రం మంచినీళ్లు తెస్తానని లేచి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.