చివరి నెత్తురు ప్లేటు

కోమలికి కుళ్లు ఎక్కువ. ఈ సంగతి పర్వత్ పాటియాలో మా తెలుగోళ్ల గల్లీ అంతటికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అయితే కరోనా వచ్చిన ఏడు ఆమె పడ్డ కుళ్లుకు కారణం ఉందని నేనంటాను.

ఆస్పత్రి ల్యాబులో కోమలిది పాత ఉద్యోగం. రోగి గొంతును దూదిపుల్లతో తుడిచి, గొర్రె నెత్తురు కలిపిన జెల్లీ ప్లేటు మీద గీసి, ఏ క్రిమి పెరిగిందో మర్నాడు చూసి చెప్పేది. అన్ని క్రిముల్లోకీ స్ట్రెప్టోకాకస్ అంటే ఆమెకు ఇష్టం. గొంతును పుండు చేసే రకమైతే, ప్లేటును వెలుతురుకు ఎత్తి పట్టగానే క్రిములు పెరిగిన సన్నటి చుక్క చుట్టూ నెత్తురు కరిగిపోయి తేటగా వలయం కనిపిస్తుంది.

తోడికోడలు సంధ్యారాణిని అదే ల్యాబులో పెట్టించిందీ, పుల్ల పట్టుకోవడం నేర్పిందీ కోమలే. కరోనా రాగానే సంధ్యను ఆ పరీక్షల గదిలోకి తీసుకున్నారు. ఏకు మేకైంది. తెల్ల సూటు తొడుక్కున్న సంధ్య ఫొటో అత్త భూదేవి ఫోన్లో గల్లీ అంతా తిరిగింది.

"మా చిన్నకోడలు కరోనాతోని కొట్లాడుతున్నది," అనేది భూదేవి.

మరి పెద్దకోడలో అని ఎవరో అడిగితే, "అది గూడ ఏవో ప్లేట్లు గీకుతది," అంది. కోమలి ఆ పూట అన్నం ముట్టలేదు.

వానాకాలంలో సంధ్యకు జ్వరం వచ్చింది. కరోనా పరీక్ష రెండుసార్లు చేసినా లేదనే వచ్చింది. భూదేవి నమ్మక, మేడ మీది గదిలో విడిగా ఉంచి గుమ్మం దగ్గర పళ్లెం పెట్టి వచ్చేది. సంధ్య నీళ్లు కూడా మింగలేకపోయింది. కోమలి మాస్కు కట్టుకుని పోయి టార్చి వేసి చూసింది. ఎర్రగా వాచిన గొంతులో తెల్లటి చీము. దగ్గు మాత్రం లేదు. ఇది స్ట్రెప్టోకాకస్ పనేమోనని అనుమానం వచ్చి గొంతు తుడిచి, ఆ పుల్లను ల్యాబుకు తీసుకెళ్లింది.

అక్కడ గొర్రె నెత్తురు ప్లేటు ఒక్కటే మిగిలింది. లాక్‌డౌన్ నుంచి నెత్తురు తెచ్చే మనిషి సరిగా రావడం లేదు. దాని బదులు మనుషుల నెత్తురుతో పోసిన ప్లేట్లలో ఆ వలయాన్ని నమ్మలేం. ఆ చివరి ప్లేటు సంధ్యకు వాడకపోయినా అడిగేవాళ్లు లేరు. ఇంకొన్నాళ్లు ఆ గదిలోనే పడి ఉంటే ఫొటోల పీడ విరగడవుతుంది కదా అని కోమలికి నిజంగానే అనిపించింది. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత తనను తానే తిట్టుకుంటూ గీసి, డబ్బాలో పెట్టి, లోపల కొవ్వొత్తి వెలిగించి మూత బిగించింది. కొవ్వొత్తి కాసేపటికి ఆరిపోతుంది, ఆ గాలిలో ఈ క్రిములు బాగా పెరుగుతాయి.

మర్నాడు వలయాలు వచ్చాయి. అంత చక్కటివి ఆమె ఈమధ్య చూడలేదు. దీని గొంతులో క్రిములు కూడా అందంగానే పెరగాలా అని మండిపడుతూ డాక్టరుకు చూపించింది. ఆయన పెన్సిలిన్ రాశారు. జ్వరం దిగింది.

"కరోనా గాదని గల్లీల చెప్పకు కోమలీ. ఊరికి గూడ ఫోన్ జేసి కరోనా అనే చెప్పిన," అంది భూదేవి. కోమలి పళ్లు నూరింది.

అత్త కిందికి పోయాక సంధ్య జావ గిన్నెలోంచి తలెత్తింది. "అది ఆఖరు ప్లేటని నాకెర్క అక్కా. ల్యాబుల అందరు నీ చేతి పనినే మెచ్చుకుంటరు, నాకెంత మండుతదో. నీ జాగల నేనుంటే ఆ ప్లేటు నీకు వాడుతుంటినో లేదో."

కోమలి లోలోపల దాచుకుని చస్తున్న మాటను ఈ పిల్ల జావ తాగుతూ చెప్పేసింది. అందుకు కూడా కోమలి కుళ్లుకుంది.