పుంటికూర పడని సారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికుండే సుఖం అది. వయసు పెరిగేకొద్దీ ఒక్కొక్కటే తెలియకుండా పోతాయి. గుంటూరు పక్క పల్లె నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, పోటీ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పడానికి చేరాను. రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఆ దుమ్ములో పొద్దున వేసుకున్న తెల్లచొక్కా మధ్యాహ్నానికి గోధుమరంగుకి వచ్చేది. రాష్ట్రం విడిపోయిన కొత్తలు కూడా కావడంతో ఊళ్ళో మావాళ్ళు బయల్దేరేముందు బోలెడు జాగ్రత్తలు చెప్పి పంపారు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు, ఎవరేం పెట్టినా తినకు, మర్యాదగా ఉండు. మొదటి రెండూ పాటిస్తే మూడోది ఎలా కుదురుతుందో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్త ఊళ్ళో కాళ్ళు తొందరగానే కుదురుకుంటాయి. ఏ సందులోంచి పోతే కోచింగ్ సెంటర్ వస్తుందో, ఏ బండి దగ్గర ఇడ్లీ వేడిగా ఉంటుందో వారంలో తెలిసిపోయింది. నాలుక ఒక్కటే మొండికేసింది. దానికి గోంగూర కావాలి.

గది సరూర్‌నగర్ చెరువు వైపు దిగే సందుల్లో, ఒక చిన్న ఇంటి మేడ మీద దొరికింది. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. అంకుల్ సిటీ బస్సు డ్రైవరు, ఆంటీ ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టేది. నల్గొండ వైపు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి, ఏళ్ళ తరబడి కిరాయి ఇళ్ళలో ఉండి, చివరికి ఆ ఇల్లు కట్టుకున్నారు. గుమ్మం మీద సిలువ, గుమ్మం పక్కన గులాబీ కుండీ. గది చూపించిన రోజు ఆంటీ నా ఉద్యోగం గురించీ ఊరి గురించీ ఏమీ అడగలేదు.

"ఏం బిడ్డా, ఏడ తింటవ్?" అంది.

"బయటేనండీ, మెస్సుల్లో."

"రోజూ బయటనేనా? ఆడ సోడా ఏసి ఒండుతరు బిడ్డా, పానం ఖరాబైతది. ఎప్పుడన్న ఆకలైతే కిందికి రా, ఇంత బువ్వ పెడ్త."

(బువ్వ అనే మాట మా వైపు చంటిపిల్లల దగ్గర వాడతారు. ఇరవై ఏళ్ళ తర్వాత నాకు బువ్వ పెడతానన్న మొదటి మనిషి ఆవిడ. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడం మర్యాద అనుకుని ఆపుకున్నాను.)

ఇక తిండి వేట. ఈ వేటలో నాకు గురువు మా ఏలూరు మాస్టారు. మా సెంటర్లోనే ఇంగ్లీషు చెప్పేవారు. పదేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నా, ఏలూరు బయల్దేరితే 'ఇంటికి వెళ్తున్నా' అనేవారు, తిరిగొచ్చేటప్పుడు 'రూముకి వచ్చేస్తున్నా' అనేవారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ మెస్సులో ఏ రోజు ఏం వండుతారో ఆయనకు కంఠతా వచ్చు. క్లాసులు కాగానే ఇద్దరం షేర్ ఆటోలో ఇరుక్కుని వెళ్ళేవాళ్ళం. ప్రతి బోర్డు మీదా ఒక కోస్తా జిల్లా పేరు ఉండేది. లోపల వడ్డించే గోంగూర మాత్రం సీసాలోంచి వచ్చేది. చిన్న స్టీలు బకెట్ పట్టుకొచ్చిన మనిషి హోమియో మందు వేసినట్టు విస్తరి మూల ఇంత చుక్క పెట్టి, మనం తలెత్తేలోగా పక్క టేబుల్ దగ్గర ఉండేవాడు. నేను దాన్ని నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేవాణ్ణి. "ఉప్పు తప్ప ఏమీ లేదండీ." మాస్టారు నిట్టూర్చేవారు. "ఈ గడ్డ మీద మన గోంగూర దొరకదయ్యా. నీళ్ళ గుణం." లెక్కలు చెప్పేవాణ్ణి అయ్యుండీ నేను రుజువు అడగలేదు. అంత బాగా నచ్చింది ఆ మాట నాకు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే ఆంటీ వంటింటి కిటికీలోంచి పిలిచింది.

"బిడ్డా, పుంటికూర పప్పు చేసిన. జర తినిపో."

పుంటికూర. ఆ మాట నేను అదే వినడం. చెవికి దగ్గరగా తోచిన తెలుగు మాట కోసం వెతికితే 'పుండు' ఒక్కటే దొరికింది. పుండుకీ పప్పుకీ పొత్తు కుదరలేదు. "వద్దండీ, తినేసే వచ్చాను" అని పైకి వెళ్ళిపోయాను. మర్నాడు ఏలూరు మాస్టారిని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పుంటికూరా? గడ్డి జాతి లేవయ్యా. పొలం గట్ల మీద దానంతటదే మొలుస్తుంది. అలవాటు లేని కడుపులు తట్టుకోలేవు." ఆయన ఆ కూరను జన్మలో చూడలేదన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. కానీ ఆయన చెప్పిన తీరు చూస్తే ఆ గట్టు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉండేది.

ఆంటీ ఊరుకునే మనిషి కాదు. కొన్నాళ్ళకు మూత బిగించిన గిన్నె ఒకటి తనే పైకి తెచ్చింది. "పుంటికూర తొక్కు. అన్నంల కలుపుకో" అంది. మా వైపు తొక్క అంటే అరటిపండు మీద ఉండేది, తిన్నాక పారేసేది. గట్టుమీది గడ్డి, పైగా దాని తొక్క. మూత తియ్యకుండానే "నాకు పడదండీ, మా డాక్టరు వద్దన్నాడు" అన్నాను. (నాకు డాక్టరెవరూ లేరు.) మరోసారి ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి రాగానే, "పుంటికూర ఏసి మటన్ ఒండిన, చుట్టాలు గూడ ఒచ్చిన్రు, నువ్వు గూడ రా" అని పిలిచింది. పనుందని చెప్పి, ఎండలో ఎల్బీనగర్ పోయి, సీసా గోంగూర చుక్క నాకి వచ్చాను. వస్తుంటే కింద వరండాలో అందరూ నవ్వుకుంటూ తింటున్నారు. వంచిన తలెత్తకుండా మెట్లెక్కాను. అప్పుడు మాత్రం కాస్త దిగులేసింది. ఇంటి మీద బెంగ కాబోలు అనుకున్నాను.

ఆ తర్వాత ఆంటీ నన్ను పిలవడం మానేసింది. మానేయడమే కాదు, నా హోదా పెంచేసింది. అంతవరకూ 'బిడ్డా, నువ్వు' అన్న మనిషి ఒకరోజు "సార్, మీకు నీళ్ళొస్తున్నయా?" అంది. నేను పొంగిపోయాను. మాస్టారి దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. "చూశారా, మన పద్ధతి చూసి ఇంటివాళ్ళు సార్ అంటున్నారు." మాస్టారు తలూపారు. "మర్యాదగా ఉంటే అంతేనయ్యా, ఎవరైనా గౌరవిస్తారు." పదేళ్ళుగా ఆయన్ను కూడా ఆయన అద్దెకున్న ఇంటివాళ్ళు సార్ అనే పిలుస్తున్నారట.

క్రిస్మస్ వచ్చింది. ఆంటీ ఇంట్లో రెండు రోజుల ముందు నుంచే నూనె వాసన. పండగ పొద్దున సందులో ఇంటింటికీ పళ్ళేలు వెళ్ళాయి. సకినాలు, గారెలు, గరిజెలు, మీద నాప్‌కిన్ కప్పి. నాకు మాత్రం అట్టపెట్టెలో బేకరీ కేకు వచ్చింది, దారం ముడి కూడా విప్పలేదు.

"బేకరీదే సార్. మేం చేసింది గాదు" అంది ఆంటీ, గడప అవతలే నిలబడి.

అందరికీ ఇంట్లో చేసినవి, నాకు ఒక్కడికే కొన్నది! ఎంత ప్రత్యేకంగా చూస్తున్నారో అని మురిసిపోయి ఆ కేకంతా నేనే తిన్నాను. 'మేం చేసింది గాదు' అన్నప్పుడు ఆవిడ నా మొహం వంక చూడలేదు. అది నాకు కనిపించింది, అర్థం కాలేదు.

జనవరిలో ఒక ఆదివారం నేను బయటికి పోతుంటే అంకుల్ వరండాలో ఆపారు. "సారూ, ఒచ్చే నెల రూం ఖాళీ చెయ్యుండ్రి. మా చుట్టాలొస్తున్నరు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం నేర్వని మనిషి. చెప్తున్నంతసేపూ గులాబీ కుండీ వైపే చూస్తున్నారు. నాకు గుబులేసింది. గది పోతుందని మాత్రమే కాదు. ఆ మహానగరంలో నేను రాత్రి గదికి చేరానో లేదో గమనించే మనుషులు ఆ ఇద్దరే. మేడ మీద లైటు వెలిగాకే కింద గేటుకి తాళం పడేది. అది పోతుందంటే ఎంత భయమేస్తుందో అప్పటిదాకా నాకే తెలియదు.

"అంకుల్, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగాను.

ఆయన కుండీలోంచి ఎండిన ఆకొకటి తుంచారు. "తప్పేం లేదు. మా ఆమెకే మనసుల వడ్తలేదు. మేం ఊర్ల ఏ గేరిల, ఏ వాడల ఉంటమో, ఏ కులపోళ్ళమో ఎవలన్న చెప్పిన్రేమో మీకు. మా ఇంట్ల తినకపోతిరి. సరే, ఎవరి లెక్క వాళ్ళది. కానీ మా అన్నం ముట్టనోని కాడ కిరాయి తీసుకునుడు మంచిగనిపిస్తలేదు సారూ."

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను. కులం చూసి తినలేదన్న మాట నా మీద పడుతుందని కలలో కూడా అనుకోలేదు. చెప్పాల్సినవన్నీ పోయి, ఒక్క మాటే బయటికొచ్చింది.

"అయ్యో, అది కాదంకుల్! నాకు పుంటికూర అంటే ఏంటో తెలియదు!"

లోపల మిషన్ ఆగింది. ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. లోపలికి పోయి, చేటలో పోసుకున్న ఆకుకూర తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్రటి కాడలు, మూడు వేళ్ళలా చీలిన ఆకులు. ఒక ఆకు తెంపి నోట్లో వేసుకున్నాను. పులుపు చెవుల దాకా పాకింది.

"ఇది గోంగూర!" అని అరిచాను.

"గోంగూరనే" అన్నారు అంకుల్. "మీరు గోంగూరంటరు, మేం పుంటికూరంటం. హోటళ్ళ ముంగట బోర్డుల మీద గోంగూర అని రాస్తలేరా?"

"మరి నువ్వేమనుకున్నవ్?" అంది ఆంటీ.

పుండు సంగతి, గట్టుమీది గడ్డి సంగతి, తొక్క సంగతి అన్నీ చెప్పాను. (తొక్కు అంటే పచ్చడని అప్పుడే తెలిసింది.) అంకుల్ స్తంభాన్ని పట్టుకుని నవ్వారు. ఆంటీ నవ్వలేదు. "గన్నిసార్లు పిలిస్తి. గిదేం కూర ఆంటీ అని ఒక్కసారి అడిగితే నీ నోరేమన్న అరిగిపోతుండెనా? నేను పొయ్యి కాడ నిలబడి ఎంతగనం ఏడ్చిననో నీకెర్కనా?" అంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పయిపోయింది ఆంటీ" అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "నేను గూడ అడగలే గదా, ఎందుకు తింటలేవని" అంది మెల్లగా. తర్వాత పళ్ళెం తెచ్చి పప్పూ అన్నం వడ్డించింది. అది మా ఇంటి గోంగూర పప్పు కాదు. వెల్లుల్లి ఎక్కువ, పచ్చిమిర్చి కారం, పప్పు జారుగా ఉంది. మూడుసార్లు వడ్డించుకున్నాను. ఎల్బీనగర్‌లో ఏలూరు మాస్టారు ఒక్కరే నా కోసం ఎదురుచూసి, నా వంతు చుక్క కూడా ఆయనే తిన్నారట.

ఆ గదిలో పెళ్ళయ్యేదాకా ఉన్నాను. ఇప్పుడు బడంగ్‌పేట్‌లో మా ఇల్లు. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇవాళ్టికీ నవ్వొస్తుంది, నవ్వు వెనకాల కొంచెం సిగ్గేస్తుంది. తను మెట్లు దిగితే దొరికే ఆకు కోసం ఊరంతా తిరిగి, ఆ ఊరి నీళ్ళకే వంక పెట్టిన వాణ్ణి ఏమనగలం? ఆ ఏడాది వేసవి సెలవులకి ఇంటికెళ్తూ బస్సులోంచి ఫోన్ చేశాను. "ఏం వండమంటావురా?" అంది మా అమ్మ. ఆలోచించకుండానే "పుంటికూర పప్పు చెయ్యమ్మా" అన్నాను.

"పుంటికూరా? అదేం కూరరా?" అని వెంటనే అడిగింది మా అమ్మ. అంత తేలికైన ప్రశ్న అది. నాకు మాత్రం ఒక చలికాలమంతా నోట్లోంచి రాలేదు.