మా మరదలి ఒంట్లో గడియారం

మా మరదల్ని ఫ్యాక్టరీలో అందరూ కోడి అని పిలుస్తారు. ముద్దుగానే లెండి. పొద్దు వాలితే చాలు, ఆమె కళ్లు మూతలు పడిపోతాయి. లోకమంతా గుర్రుపెట్టే వేళకి లేచి కూర్చుంటుంది. వెలుగుతున్న పలక ముందు కూర్చుని, బెల్టు మీద కదిలిపోయే గాజు మందుసీసాల్లో పగుళ్లు పట్టుకోవడం ఆమె పని. పొద్దుటి షిఫ్టు. వెంట్రుకంత గీత కనబడినా చటుక్కున సీసా తీసి పక్కన పెట్టేస్తుంది. అప్పుడు ఆమె చురుకు చూసితీరాలి.

తంటా అంతా సాయంత్రంతోనే. మా తమ్ముడు హోటల్లో వంటవాడు. రాత్రి భోజనాల రద్దీ తీరితేగానీ ఇల్లు చేరడు. వాడొచ్చేసరికి ఆమె మంచి నిద్రలో ఉంటుంది, ఆమె లేచేసరికి వాడు. ఒకే మంచాన్ని వంతులవారీగా వాడుకుంటున్నారు. పక్కగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న నేను ఇద్దరి మధ్యా కబుర్లు మోస్తున్నాను. ఆమె దగ్గు తగ్గిందని వాడికి, వాడి చొక్కా గుండీ ఊడిందని ఆమెకి. నేనేమన్నా పోస్టుడబ్బానా?

ఇంతలో తమ్ముడికి వేరే ఊళ్లో కడుతున్న కొత్త హోటల్ నుంచి పిలుపొచ్చింది. హోటల్ తెరిచేలోగా వస్తాడో రాడో చెప్పమన్నారు.

"వెళ్లిపోతానక్కా. ఇక్కడ నాకోసం మేలుకునేవాళ్లు ఎవరున్నారు? నేనంటే ఇష్టంలేకే ముసుగు తన్ని పడుకుంటోంది."

"నోర్ముయ్. నిద్రొస్తే పడుకోదా మరి?"

"నిద్ర కాదది, మొండితనం."

తలుపు చాటు నుంచి మరదలు అంతా విన్నది. వాడు నిజంగా వెళ్తే ఇక ఈ కాపురం అతకదని నాకు భయం పట్టుకుంది. పాదాలు మిషన్ తొక్కుతున్నాయేగానీ, మనసు కుదురుగా లేదు.

మా వాడి బుర్రలో ఒక తెలివి పుట్టింది. సెలవురోజున ఇంట్లో గడియారాలన్నీ రెండు గంటలు వెనక్కి తిప్పేశాడు. ఆమె ఫోనులో టైము మార్చాడు, నా మిషన్ పక్కనున్న టైంపీసునీ వదల్లేదు. కిటికీలకు తెరలు లాగేశాడు. మనసు మోసపోతే ఒళ్లూ మోసపోతుందని వాడి లెక్క! స్వయంగా వండి, పక్కన కూర్చుని వడ్డించాడు. ఆమె గోడ వంక చూసి, "ఇంకా ఇంతేనా అయింది?" అని ఆశ్చర్యపడింది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, తల పక్కకు వాలిపోయింది. వాడు గడియారాల సంగతే మరిచి విసురుగా లేచి బయటికి పోయాడు.

మర్నాడు ఆమె ఫోను చూసుకుంటూ తీరిగ్గా తయారై ఫ్యాక్టరీ బస్సు అందుకోలేకపోయింది. ఆలస్యమైందని గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. సంగతి తెలిసి నేను పరుగున వెళ్తే రోడ్డు మీదే నిలబడి ఏడుస్తోంది.

"నేను నాటకాలాడుతున్నాననేగా వదినా ఆయన అనుమానం? పదండి, ఆస్పత్రికి పోదాం. ఏదో ఒకటి తేలిపోవాలి."

తేలడానికి చాలా రోజులే పట్టింది. చేతికి పట్టీ కట్టి నిద్ర లెక్క తీశారు, రక్తం పరీక్షకు పంపారు. చివరికి డాక్టరమ్మ నన్నూ మరదల్నీ కూర్చోబెట్టింది.

"మీ ఇంటిపైన నీళ్ల ట్యాంకు ఉంది కదా? నిండితే లోపలి బంతి తేలి నీళ్లు ఆపేస్తుంది. ఖాళీ అయితే దిగి మళ్లీ వదులుతుంది. ఒంట్లో ప్రతి కణంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. కణం కొన్ని ప్రోటీన్లు తయారుచేస్తుంది. అవి పోగుపడి, తమ తయారీని తామే ఆపేస్తాయి. తర్వాత మెల్లగా కరిగిపోతాయి. కరిగాక మళ్లీ తయారీ మొదలు. ఈ చుట్టు తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. నిద్ర, మెలకువ దాన్నిబట్టే. ఈవిడలో ఒక ప్రోటీన్ పుట్టుకతోనే కాస్త తేడా. త్వరగా కరిగిపోతోంది. అందుకే ఒంట్లో రాత్రి ముందే వచ్చేస్తోంది."

"మరి గడియారం వెనక్కి తిప్పితే?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "ప్రోటీన్లకి టైము చూడ్డం రాదమ్మా. వాటికి తెలిసింది కంటిలో పడే వెలుతురు."

సాయంత్రాలు బాగా వెలిగే దీపం ముందు కూర్చుంటే నిద్ర కొంత వెనక్కి జరగొచ్చని, పూర్తిగా మారుతుందని మాత్రం చెప్పలేనని అంది. దీపం కొన్నాం. ఇక మొదలైంది అవస్థ. మరదలు దాని ముందు కూర్చునేది, లేచేది, కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది, మళ్లీ కూర్చునేది. నిద్ర కాస్త జరిగింది. తమ్ముడు వచ్చే వేళకి గుమ్మంలో నిలబడేది. కానీ ఏం లాభం? కళ్లు చింతనిప్పులు, మాటకి మాట అతకదు, ముట్టుకుంటే చిరాకు. ఒళ్లు మాత్రం ఎప్పటిలాగే చీకటుండగానే లేపేసేది. ఒకరోజు పగిలిన సీసాలు ఆమె కళ్లముందు నుంచే దాటిపోయాయి. ఉద్యోగం ఊడుతుందన్నాడు సూపర్‌వైజరు.

ఆ రాత్రి నేను తమ్ముణ్ని పట్టుకుని దులిపేశాను. "దాని ఒంట్లో ప్రోటీన్ తొందరగా కరిగిపోతోందిరా. నీ గుండెకేమొచ్చింది, కరగదు? నీకోసం అది కళ్లు కాల్చుకుంటోంది. నువ్వేం చేశావు? గడియారం ముళ్లు తిప్పావు!"

వాడు లోపలికి వెళ్లి దీపం ఆర్పి, "పడుకో" అన్నాడు ఆమెతో. నేను పక్కెక్కానేగానీ ఒకటే దొర్లడం. వాడి అడుగులు ఇంట్లో అటూ ఇటూ వినబడుతూనే ఉన్నాయి. సామాను సర్దుకుంటున్నాడేమోనని చెవులు రిక్కించాను.

ఇంకా తెల్లవారకముందే వంటింట్లో గిన్నెల చప్పుడయింది. మరదలు లేచినట్టుంది.

"ఇదేంటండీ, మీరింకా పడుకోలేదా?"

"పడుకుంటే నువ్వు దొరకవుగా. ఇదిగో టీ. ఆ హోటల్‌కి రానని చెప్పేశాను."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే గలగలా మాటలు. ఆరేళ్లుగా ఆ గోడకివతలే పడుకుంటున్నాను, వాళ్లిద్దరూ కలిసి నవ్వడం వినడం అదే మొదలు.

"మనుషుల్ని నిద్రపోనిస్తారా, లేదా?" అని గట్టిగా కేకేశాను. నా ఏడుపు వాళ్లకి వినబడకూడదని.