మూడు ఫోటోల్లో ఒక కొంగు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. ఏడో తరగతిలో బడి మానేసి మగ్గం ఎక్కినా, గద్వాల గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదువుకుంటూ వచ్చాను. కన్ను ఎలా మోసపోతుందో, మనసు లేనిదాన్ని ఎలా చూపిస్తుందో చెప్పే పుస్తకాలూ వాటిలో ఉన్నాయి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మకు హైదరాబాద్ చూడాలని ఉండేది. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు. ఈ మూడే. నాయినది ఎప్పుడూ ఒకటే మాట: "ఈ పడుగు కానియ్, పోదాం."

"నీ పడుగు అయ్యేటాలకు చార్మినార్ కూలుతది" అనేది అమ్మ.

నిలువు దారాల పడుగు ఒకటి నేసి అయ్యేది, మగ్గానికి మరోటి ఎక్కేది. పోయినేడు అమ్మే పోయింది.

అప్పుడు మగ్గం మీద ఆవపువ్వు రంగు చీర ఉంది. గద్వాల చీరలో నూలు ఒంటినీ పట్టు అంచునూ కలిపేచోట గోపురాల్లా వరసగా కోటకొమ్మలు వస్తాయి. అమ్మ దవాఖానలో ఉన్న రోజు నాయిన కొంగు దగ్గర ఒక కొమ్మ వదిలేసి, పక్కదాన్ని రెండింతలు వెడల్పు నేశాడు. ఆయన చేతిలో అలాంటి తప్పు నేనెన్నడూ చూడలేదు. అమ్మ పోయిన రోజు ఆ చీరను మగ్గం మీంచి కోసి ఆమెకే కట్టాం. చితి మీదికి దాంతోనే వెళ్లింది. నిప్పు పెట్టింది నేనే.

ఆ తర్వాత నాయిన నేయడానికి మగ్గం గుంటలో దిగలేదు. తిండి కూడా సగమే.

దసరా ముందు హైదరాబాద్‌లో దుకాణానికి చీరలు ఇవ్వడానికి కాచిగూడ రైలెక్కుతుంటే, "మీ అమ్మ అడిగినయి ఫోటోలు దీస్కరా" అన్నాడు. మూడు చోట్లకూ వెళ్లాను. మూడూ పట్టపగలు తీసినవే.

ఇంటికొచ్చి ఫోన్ చేతికిచ్చాను. చార్మినార్ ఫోటో దగ్గర ఆగిపోయాడు.

"అరేయ్, గీమె కొంగు జర పెద్దగ చెయ్యి."

గాజుల బండి పక్కన అటు తిరిగి నిలబడ్డ ఒకామె. పసుపు చీర. వీపు మీది కొంగు అంచులో ఒక కొమ్మ లేదు. పక్కది రెండింతలుంది.

"గద్వాల చీరలు ఎంతమంది కట్టరు నాయినా?"

"చీరలు శానా ఉంటయ్‌రా. తప్పు మాత్రం నాదే."

మ్యూజియంలో గడియారం ముందు కూర్చున్నవాళ్లలో ఆమే. ట్యాంక్‌బండ్ మీద కంకులు కాల్చే బండి అవతల, బుద్ధుడి వైపు చూస్తూ ఆమే. ఒక్క ఫోటోలోనూ ఇటు తిరిగి లేదు. తీసేటప్పుడు నా కంటికి అలాంటి మనిషి కనబడలేదు.

నా కళ్లను నమ్మక, ఏమీ చెప్పకుండా పక్కింటి నేతగాడికి చూపించాను. "కొమ్మ దప్పింది గదరా, ఎవని చెయ్యి గిది?" అని నవ్వాడు.

ఎవరో ఒకామె ఆ రోజు నాలాగే మూడూ చూడటానికి వచ్చి ఉండొచ్చు. అంతవరకు సరిపెట్టుకోగలను. ఆ కొమ్మ దగ్గరే నా చదువు ఆగిపోతుంది.

ఇద్దరం పోయి వెతుకుదామా అని నాయినను అడిగాను.

"వద్దు. ఆమెను తిరుగనియ్. నేను పక్కనుంటే మళ్ల పడుగు మాటనే వస్తది."

మర్నాడు పొద్దున్నే మగ్గం గుంటలో దిగాడు.

మొన్న మళ్లీ హైదరాబాద్ వెళ్లి, గోల్కొండ ముందు ఫోన్ ఎత్తాను. అమ్మ అడగని చోటు అది. నొక్కకుండానే దించేశాను. ఫోటోలో ఆమె ఉంటుందని భయపడ్డానో, ఉండదని భయపడ్డానో ఇప్పటికీ తెలియడం లేదు.