నైరుతి తూము

1997. తొలకరి వానలు పట్టుకున్న రోజులు. భీమవరంలో నాకు చిన్న ఇంజనీరింగ్ ఆఫీసు ఉండేది. కారే శ్లాబులు బాగుచేయించడమే మా పని. ఒక పొద్దున్న పక్క ఊరి రొయ్యల రైతు రాజుగారు, గదిలో చుక్క పడుతోంది, వచ్చి చూడమని కబురు పెట్టారు.

వెళ్ళి చూస్తే చుక్క కాదు. నైరుతి గది సీలింగు ఉబ్బిపోయి, తుప్పు మరకలు బారులు తీరి ఉన్నాయి. శ్లాబులో ఇనుప ఊచల కింద ఉండే కాంక్రీటు పొరను మేము కవర్ అంటాం. ఊచ తుప్పుపట్టి ఉబ్బితే ఆ కవర్ పెచ్చులుగా ఊడిపడుతుంది. సరిగ్గా దాని కిందే మంచం. మంచం మీద పురిటికి వచ్చిన రాజుగారి కూతురు, పక్కన పొత్తిళ్ళలో బిడ్డ. నాకు ఒళ్ళు మండింది.

డాబా ఎక్కితే చీలమండలు మునిగేంత నీరు. వాలంతా నైరుతి మూలకే ఉంది, అక్కడి తూముకేమో సిమెంటు పెట్టి మూసేశారు. ఈశాన్యం మూల గోడకి కొత్తగా కన్నం పొడిచారు. అది మెరక.

"తూము ఎవరు మూశారండి?"

"నేనేనండి. నిరుడు రొయ్యంతా జబ్బొచ్చి పోయింది కదండీ. నైరుతిలో నీళ్ళు పోతుంటే సంపద నిలవదన్నారు సిద్ధాంతి గారు."

"మీ చెరువు తూము మూసేసి, మెరక గట్టుకి కన్నం పెడితే నీళ్ళు పోతాయా అండి?"

"ఎందుకు పోతాయండి? చెరువు వేరు, ఇల్లు వేరు కదండీ!"

తెల్లారి లేస్తే నీళ్ళు పెట్టడం, నీళ్ళు తియ్యడమే పనిగా బతికే మనిషి అన్న మాట ఇది. కోపం అణచుకుని, ముందు అమ్మాయిని హాల్లోకి మార్చమన్నాను. పురుడు వెళ్ళకుండా గది మారకూడదని సిద్ధాంతి గారి మాటగా చెప్పారు రాజుగారు.

"అయితే పెచ్చు ఏ ముహూర్తానికి ఊడుతుందో కూడా ఆయన్నే అడగండి!" అని అరిచాను. అలా అరిచినందుకు నాకు ఈనాటికీ విచారం లేదు.

ఆ అరుపు కింద గదిలో ఉన్న రాజుగారి భార్యకి వినపడింది. మేము దిగేసరికి, "లేమ్మా, పురుడు సంగతి నేను చూసుకుంటాను" అంటూ ఆవిడ బిడ్డనెత్తుకుని, కూతుర్ని హాల్లోకి నడిపించారు.

గది ఖాళీ అయ్యాక ఉలి, సుత్తి పట్టుకుని మళ్ళీ డాబా ఎక్కి ఆ సిమెంటు నేనే పగలగొట్టాను. నీళ్ళు పెరట్లోకి దూకాయి. అవి పూర్తిగా దిగకముందే కింద దబ్బున చప్పుడైంది. పరిగెత్తి వెళ్ళాం. పెచ్చు దిండు మీద పడి ఉంది.

రాజుగారు ఆ పెచ్చుని రెండు చేతులా ఎత్తి కింద పెట్టారు. తర్వాత గొంతు తగ్గించి, "తూము తెరిచే ఉంచుతానండి. ఎందుకైనా మంచిది, సిద్ధాంతి గారిని ఒక మాట అడగమంటారా?" అన్నారు.

నాకు నోటిదాకా బూతు వచ్చింది. దాన్ని మింగి, ఉలి, సుత్తి సంచిలో వేసుకున్నాను.

అప్పటినుంచి వానలకు ముందు ఏ డాబా ఎక్కినా మొదట తూముల కేసే చూస్తాను, పగుళ్ళు తర్వాత. ఎక్కడైనా తూముకి కొత్త సిమెంటు కనిపిస్తే, ఎందుకు మూశారని ఇంటాయన్ని అడగను. ఆ కింద గదిలో ఎవరు పడుకుంటున్నారని ఇంటావిడని అడుగుతాను.