కంకర మోరీ

పక్కింటి గోడ తడవడానికి కారణం ఊట నీళ్లు పోవడానికి నేను తవ్వించిన మోరీ. ఆ సంగతి నాకు మొదటి వానాకాలంలోనే తెలుసు. అయినా నోరు మెదపలేదు.

మాదన్నపేటలో మా ఇల్లు పాతది. గల్లీలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేశారు. రోడ్డు పైకి లేస్తూ పోయింది, మా గడప కిందికి దిగింది. పెద్ద వానలు పడితే భూమిలోని నీరు వెనక గదిలో నేలకు పరిచిన షాబాదు బండల సందుల్లోంచి ఊరేది. భార్య పోయాక ఆ ఇంట్లో నేనొక్కడినే. మంచం మీద కూర్చుని తడి బండల్ని చూస్తూ ఉండేవాణ్ణి. తుడవమని అడిగే మనిషి కూడా లేదు.

చివరికి మేస్త్రీని పిలిచి వెనక గోడ వెంబడి లోతుగా తవ్వించాను. అడుగున చిల్లుల పైపు, చుట్టూ కంకర, మట్టి చొరకుండా గుడ్డ. ఊరే నీరు గోడను చేరకముందే కంకరలోకి దిగి పైపు వెంట పోవాలి. కానీ వీధి మోరీ మాకంటే ఎత్తులో ఉంది.

"పైపు కొస ఏడ ఇడవాలె సార్?" అన్నాడు మేస్త్రీ.

"గా మూలకు గుంత తీసి కంకర నింపు."

"గది పక్కోళ్ల గోడ. నీళ్లన్నీ ఆళ్ల దిక్కే పోతయ్."

"ముందైతే కానియ్. తర్వాత చూద్దాం."

తర్వాత చూడలేదు.

పక్కిల్లు ఒక దర్జీది. కింద అతను, పైన తమ్ముడి కుటుంబం. సాయంత్రాలు నాతో మాట్లాడే మనిషి ఆ దర్జీ ఒక్కడే. ఆఫీసు నుంచి రాగానే అతని మిషను పక్కన స్టూలు మీద చేరేవాణ్ణి. ఆ ఏడు నా బండలు ఆరాయి. అతని గోడ ఉబ్బి, సున్నం రాలి, కుట్టడానికిచ్చిన బట్టలకు ముక్కిన వాసన పట్టింది. మా గల్లీలో గోడ తడిస్తే ఎవరైనా ముందు పై అంతస్తు బాత్రూం వైపే చూస్తారు. అతనూ అటే చూశాడు.

తమ్ముడు బాత్రూం పగలగొట్టి పైపులు మార్చాడు. చెమ్మ తగ్గలేదు.

"ఇంకేం జెయ్యమంటవ్ అన్నా? తానం బంద్ జెయ్యాల్నా?"

"చెయ్యిరా, మంచిగ చెయ్యి. నా నెత్తి మీద చెయ్యకు!"

ఆ లొల్లంతా నా ముందే జరిగింది. చాయ్ గ్లాసు పట్టుకుని తల వంచుకున్నాను. నిజం చెబితే ఆ గడప కూడా ఎక్కనివ్వరేమోనని భయం. కొన్నాళ్లకు తమ్ముడు సామాను సర్దుకుని బహదూర్‌పురాకు వెళ్లిపోయాడు.

అప్పుడు, ఎవరికీ చెప్పకుండా, మోరీ సరిచేయించాను. పైపు కొసను నా వాకిట్లో కట్టించిన సిమెంటు తొట్టిలోకి మళ్లించి, అక్కడి నుంచి నీటిని వీధి మోరీలోకి తోడే చిన్న మోటారు పెట్టించాను. గోడ ఆరితే ఇక చెప్పే పని ఉండదనుకున్నాను.

మరుసటి వానలకు గోడ నిజంగానే ఆరింది. దర్జీ దానికి అరచేయి ఆనించి నవ్వాడు.

"చూసినవా అన్నా? వాడు పోయిండు, గోడ ఎండింది. ఇంకేం సబూత్ గావాలె? బోనాలకు గూడ పిలువ వాన్ని."

నా మరమ్మతే ఆ తమ్ముడి మీద నేరం ఖాయం చేసింది. ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి మొత్తం చెప్పాను.

దర్జీ మిషను ఆపేశాడు. గోడ వైపు కాదు, నా వైపే చూశాడు.

"గిన్ని దినాలు ఈడనే కూసుని చాయ్ తాగినవ్ గదన్నా," అన్నాడు. తర్వాత మెల్లగా, "నాకు జెప్తే ఏమొస్తది? వానికి జెప్పు, పో," అన్నాడు.

మరునాడే బహదూర్‌పురా వెళ్లాను. తమ్ముడు తలుపు తీసి, ఆశ్చర్యపోయి, కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు.

"తమ్మీ, మీ బాత్రూం ఎన్నడూ కారలె. గోడ తడిపింది నా మోరీ. మీరిద్దరు కొట్లాడుతుంటే అన్నీ తెల్సి ఊకున్న. నిన్న మీ అన్నకు చెప్పిన. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్."